బందులు విప్పిన తలుపు

నమ్మవురా నువ్వు, నాకు తెల్సు. అయినా, సేటు లారీ వచ్చేలోపల చెప్త. అబద్ధమని తేలితె నా బండి తాళంచెవి నీదే, పో.

నేను పోరగాండ్ల హోమ్‌ల రెండేండ్లున్న గద, కేసులైనోళ్లను పెట్టే హోమ్‌ల. అండ్ల వడ్లపని నేర్పే ముసలాయన ఉండె, యాకూబ్ ఉస్తాద్. ఇరవై ఏండ్ల సంది మా అసుంటోళ్ల చేతికి ఉలి, రంపం ఇచ్చిండు. ఒక్కడు గూడ ఆయన మీద చెయ్యెత్తలే.

అట్లని మెత్తటోడు అనుకోకు. షెడ్డు గోడ మీద ప్రతి పనిముట్టు బొమ్మ నల్లరంగుతోని గీసి పెట్టిండు. ఉలి బొమ్మ మీద ఉలి, రంపం బొమ్మ మీద రంపం. పని అయినంక ఒక్క బొమ్మ ఖాళీగున్నా ఎవ్వనికీ బువ్వ లేదు. ఆయన గూడ తినడు.

అప్పుడే కొత్తగ నవనీత్ సార్ వచ్చిండు, మమ్మల్ని చూసుకునేటందుకు. కండలున్నయి, కరాటే బెల్టుంది. వచ్చిన రోజే షెడ్డు వెనక తలుపుకు తాళం ఏసిండు. సేఫ్టీ అంట.

పది రోజులకే సార్ భుజానికి ఆరు కుట్లు పడ్డయి.

కొట్టింది మా తోటి పోరడు, ఐలేష్ గాడు. ఆదివారం వాళ్లమ్మ చూడనీకి రాలే. రెండో రోజు షెడ్డుల వానికి ఏం గుర్తొచ్చిందో, చేతిల ఇనుప సుత్తితోనే బయటికి ఉరికిండు. సార్ ముందు తలుపుల అడ్డం నిలబడి "అది కింద పెట్టు, అప్పుడు పోదువు" అన్నడు. వాడు పెట్టలే.

సార్ రిపోర్టు రాసుకున్నడు. వచ్చే సోమవారం అది సూపరింటెండెంట్ మేడం చేతికి పోతె ఐలేష్‌ను పట్నంల పెద్ద హోమ్‌కు పంపుతరు. అండ్లకు పోయినోడు ఎట్లయి బయటికొస్తడో నీకు తెల్సు గద.

కుట్లతోనే సార్ ఉస్తాద్ దగ్గరికొచ్చిండు. "ఈళ్లకు మీరంటె భయమా ఉస్తాద్? నన్ను కొట్టినోడు మిమ్మల్నెందుకు కొట్టడు? ఆ పట్టేదో నాకు గూడ నేర్పుండ్రి."

"వెనక తలుపు తాళంచెవి ఇయ్యి బిడ్డా" అన్నడు ఉస్తాద్.

ఉస్తాదే పోయి తాళం తీసిండు. అక్కడికి ఆగలే. స్క్రూలు తీసి, బందులు విప్పి, తలుపునే మొత్తం ఊడదీసి బల్ల మీద పండవెట్టిండు.

"వానకు ఉబ్బింది. చిత్రిక పట్టాలె. అటు దిక్కు పట్టుకో."

"ఎన్ని రోజులు ఉస్తాద్? పోరగాండ్లు ఉరుకుతరు!"

"చుట్టు గోడ ఉంది, గేటు కాడ మనిషి ఉన్నడు. ఏడికి ఉరుకుతరు?" అని సార్ మొఖం దిక్కు చూసిండు. "రోజులంటవా, చెప్పలేం. మొండి కట్టె ఇది."

మేం నోళ్లు మూసుకొని నవ్వినం.

ఇగ శనివారం వచ్చింది. బిక్షపతి గాని నోరు ఊకుంటదా? "ఏం ఐలేషూ, రేపన్న మీయమ్మ వస్తదా, లేకుంటె ఇంకో కొడుకును చూస్కుందా?" అన్నడు.

ఐలేష్ చేతిల ఉలి ఉంది.

నవనీత్ సార్ కాళ్లు వాటంతట అవే పోయి ముందు తలుపుల నిలబడ్డయి.

ఉస్తాద్ గొంతు గూడ పెంచలే. "నవనీత్, జర పక్కకు జరుగు. గాలొస్తలేదు."

సార్ జరిగిండు.

"బిక్షపతీ, అందర్ని తీస్కపో. పలకలు ఎండల ఎయ్యుండ్రి."

మిగిలిన పోరగాండ్లు పోయిన్రు, సార్ ఒక మూలకు నిలబడ్డడు. నేను కిటికీ కాడ ఆగిన. ఎవడు పోతడురా అసుంటప్పుడు?

ఉస్తాద్ తన చేతిల రంపాన్ని దాని బొమ్మ మీద తగిలిచ్చిండు. ముందు తలుపు పక్కకు, వానికి దూరంగ, ఖాళీ చేతులతోని నిలబడ్డడు. కండ్లల్ల కండ్లు పెట్టి చూడలే. "పో బిడ్డా, బయట తిరిగి రా" అన్నడు అంతే.

ఐలేష్ ముందు దిక్కు చూసిండు. వెనక దిక్కు చూసిండు, తలుపు లేని దిక్కు. బుసలు కొట్టుకుంట వెనక నుంచి పోయిండు.

అక్కడ టేకు మొద్దు ఉంటది. దాన్ని పొడిచిండురా, పొడిచిండు. వాళ్లమ్మను తిట్టిండు, మమ్మల్ని తిట్టిండు, దేవున్ని గూడ ఇడిసిపెట్టలే.

సార్ ఎనక ఉరకబోతె ఉస్తాద్ చెయ్యి పట్టి ఆపిండు. "ఈడి నుంచి కనవడ్తుండు గద. చాలు."

చేతులు పడిపోయినంక వాడే లోపలికొచ్చిండు. ఉస్తాద్ అరచెయ్యి చాపితె ఉలి అండ్ల పెట్టిండు. ఉస్తాద్ దాని మొన చూసిండు.

"దీన్ని రేపు నూరుదువు. ఇప్పుడు నీళ్లు తాగు."

వాడు కుండ కాడ కూసొని ఏడ్చిండు. సార్ చిన్న గొంతుతోని అడిగిండు. "ఉస్తాద్, వాడు మన మీదికే వస్తె?"

"అందుకే రెండు తలుపులు. ఒకటి వానికి, ఒకటి నాకు."

సార్ పొద్దుగూకే దాంక ఆ తలుపును ఒక్క చేత్తోనే చిత్రిక పట్టిండు.

సోమవారం నేను మేడం ఆఫీసు ఊడుస్తున్న. సార్ రిపోర్టు తెచ్చిచ్చిండు. మేడం పైకే చదివింది. 'ఏ కారణం లేకుండ కొట్టిండు' అన్న మాట కొట్టేసి ఉందట. దాని కింద రాసి ఉంది: 'వెనక తలుపుకు తాళం ఏసింది నేనే. ముందు తలుపుల నిలబడ్డది నేనే.'

"ఇట్ల రాస్తె మెమో నీకొస్తదయ్యా, వానికి కాదు" అన్నది మేడం.

"రానియ్యండి మేడం."

ఐలేష్‌ను ఏడికీ పంపలే.

సార్ సీదా షెడ్డుకొచ్చిండు. ఉస్తాద్ బందులు, స్క్రూలు తీసి సార్ చేతిల పెట్టిండు. సార్ తలుపును మళ్ల బిగించిండు, తాళం మాత్రం ఎయ్యలే, ఎందుకంటె

ఏయ్ ఆగు, సేటు మొత్తుకుంటుండు, లారీ వచ్చిందట