మగ్గాల గదికి పూచీ

ఆ రాజ్యంలో ఇల్లు కాలిపోతే ఊరి పూచీదారు మళ్లీ కట్టించి ఇవ్వాలి. అందుకు ఏటా ఇంటికో బస్తా ధాన్యం తీసుకుంటాడు. డప్పు వేసి చాటించిన మాటను వెనక్కి తీసుకోవడం మాత్రం రాజు తరం కూడా కాదు.

నేతపని చేసే మాచమ్మ ఇల్లు పెంచాలనుకుంది. కొత్త మగ్గాల గదికీ పూచీ కావాలని అడిగితే పూచీదారు భూపతయ్య రెండింతలు గుంజుతాడు. అడక్కపోతే ఒక్క నిప్పురవ్వకు మగ్గాలన్నీ బూడిదే.

పరుగున భూపతయ్య దగ్గరికి వెళ్లింది. "అయ్యగారూ, ఇంటి కప్పు మీద గడ్డి పీకించి పెంకు వేయిస్తున్నా! నిప్పు భయం తగ్గింది కదా, ధాన్యమూ తగ్గించండి!"

"ఆడదానివి, నీకెందుకే ఈ లెక్కలు? ఇంటిని ఎవరెలా మార్చుకున్నా పూచీ అదే, బస్తా అదే!"

"నా వెనకే వీధిలో ఆడవాళ్లంతా తగ్గించమని అడగడానికి వస్తున్నారండీ."

భూపతయ్య హడలిపోయాడు. అప్పటికప్పుడు 'ఎవరెలా మార్చుకున్నా పూచీ అదే, బస్తా అదే' అని ఊరంతా డప్పు వేయించి చాటించాడు.

డప్పు ఆగగానే మాచమ్మ కేక పెట్టింది. "తాపీ మేస్త్రీ, రావయ్యా! వెనక మగ్గాల గది, పైన మేడ, మొదలెట్టు!"

"ఆగవే! మేడకు నేను పూచీ ఏమిటి?"

"ఎలా మార్చుకున్నా అదే పూచీ అన్నారుగా! ఆడదాన్ని, నాకు లెక్కలెక్కడివి? డప్పు చెప్పిందే విన్నా."

అప్పటికే వీధి ఆడవాళ్లు మేస్త్రీని తలోవైపు లాగుతున్నారు.