నరసక్క మోసిన ఫిర్యాదు

చింతవాగుకు ఇవతల నక్క గవరయ్య, మేక పోలమ్మ వగైరాల కాపురాలు. అవతల సింహం దొరవారి కచేరీ. మధ్యలో ఉత్తరాలు మోసేది తాబేలు నరసక్క. సర్కారు ఉద్యోగం. జీతంగా వచ్చే గంపెడు ఆకుకూరతోనే, కాళ్లు పడిపోయిన ఆమె చెల్లెలు బతుకుతోంది.

గవరయ్యకు ఒక బామ్మర్ది ఉన్నాడు. పనిచేయడం ఒక్కటే రాదు, మిగతావన్నీ వచ్చు. నరసక్క ఉద్యోగం వాడికి ఇప్పించాలని గవరయ్య ఫిర్యాదు రాశాడు.

"దొరవారికి. తాబేలు ఉత్తరాలు చేర్చదు. చినుకు పడితే చిప్పలో దూరుతుంది. వెంటనే తీసేసి, ఆ ఉద్యోగం మా బామ్మర్దికి ఇప్పించండి."

దొరవారు ఉద్యోగాలు ఖాయం చేసేది ఆ సాయంత్రమే. చూస్తే వాగు పొంగి చెట్లను లాక్కుపోతోంది. తోక తడవడం గవరయ్యకు గిట్టదు. మడతపెట్టి నరసక్కకే ఇచ్చాడు.

"అన్నా, ఎవరి మీద రాసి ఎవరికిస్తున్నావు?" అంది పోలమ్మ.

"మడతపెట్టానుగా!"

"పైనే రాశావు బావా, 'తాబేలు మీద ఫిర్యాదు' అని" అంది నరసక్క.

గవరయ్య దగ్గాడు. "అయితే తీసుకెళ్లవా?"

"ఎందుకు తీసుకెళ్లను?"

పోలమ్మ ఆమె చెవిలో గొణిగింది. "నీళ్లలో పడిపోయిందని చెప్పవే పిచ్చిదానా. ఎవరడుగుతారు?"

"ఉత్తరం ఉత్తరమే వదినా. లోపలేముందో నాకెందుకు?"

కాగితాన్ని టేకాకుల్లో చుట్టి, వీపుకు కట్టించుకుని వాగులో దిగింది. దుంగ వచ్చి తగిలింది. మునిగింది. గవరయ్య నోరు తెరుచుకుంది. చాలా దూరాన చిన్న తల తేలింది. మళ్లీ సుడి. మళ్లీ తల. బామ్మర్ది సంగతే మరిచిపోయి, గవరయ్య ఒడ్డు వెంట పరుగెత్తాడు. ఆమె అవతలి గట్టెక్కగానే తనకు తెలియకుండానే చేతులు జోడించాడు. గవరయ్య నోరు అబద్ధం చెప్పకుండా అంతసేపు తెరుచుకుని ఉండగా ఒడ్డున ఉన్న మేమంతా చూడడం అదే మొదటిసారి.

పొద్దు వాలేలోపు నరసక్క అదే వాగు ఈదుకుంటూ జవాబు తెచ్చింది. చిప్ప అంచు పగిలి ఉంది. గవరయ్య చదివాడు.

"మీ ఫిర్యాదు అందింది. ఒక్క అక్షరం తడవలేదు. మీ మాట నిజమైతే ఇది నాకు చేరకూడదు. కాబట్టి నరసక్క ఉద్యోగం ఖాయం. మీ బామ్మర్దికి కూడా ఉద్యోగం కావాలంటే రేపు వాగు ఈది వచ్చి దరఖాస్తు ఇమ్మనండి."

బామ్మర్దికి అప్పటికప్పుడు జలుబు చేసింది.

"జవాబు ముట్టినట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యి బావా" అంది నరసక్క.

గవరయ్య తలెత్తకుండా వేశాడు.

ఇందులో నీతి: నిందించే ముందు, ఆ నిందను కూడా భద్రంగా మోసేది ఎవరో చూసుకోవాలి.