దీపం దాటి నిలబడ్డ బండి

పిల్లలూ, పెంచలయ్య గారి కథ మీకెవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న ఈ చలి దేశంలో సన్నాయి వినపడదు, హారన్ కూడా వినపడదు. ఈ కథకు ఆ రెండూ కావాలి. ఇది నేను కళ్ళారా చూసింది కాదు. నెల్లూరులో ఆయన పక్కన డోలు వాయించిన చెంచయ్య చెప్పగా విన్నాను. చెంచయ్యకు ఏది చెప్పినా కాస్త ఉప్పూ కారం వేసే అలవాటుంది. అందుకని నాకు అనుమానం వచ్చిన చోటల్లా కొంచెం తగ్గించే చెబుతున్నాను.

పెంచలయ్య గారు పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించేవారు. ఎంత పెద్దింటి పెళ్ళయినా మండపం ముందు వేసిన ఆసనం మీద కూర్చునేవారు కాదు. ఓ పక్కకు జరిగి, వంటవాళ్ళు వచ్చిపోయే దారి దగ్గర చాప వేయించుకునేవారు. కెమెరాలు అటువైపు రావు. ఆయన దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్న మాలకొండయ్యకు ఇది నచ్చేది కాదు. ఓ సాయంత్రం ధైర్యం చేసి అడిగేశాడు.

"అయ్యా, మా అత్తగారింట్లో పెళ్ళి వీడియోలన్నీ వరసబెట్టి చూస్తారు. ఒక్కదాంట్లోనూ నేను కనపడను. నువ్వు నిజంగా వాయిస్తావా, ఊరికే పక్కన కూర్చుంటావా అని మా బావమరిది అడిగాడు. మనం ముందుకొచ్చి కూర్చుంటే ఏం పోయింది?"

"మీ బావమరిదిని నా డోలు పక్కన కూర్చోబెట్టు. తరవాత ఏమీ అడగడు. చెవులు పనిచేస్తే కదా," అన్నాడు చెంచయ్య.

పెంచలయ్య గారు వాదించలేదు. "రేపటి పెళ్ళిలో పెద్ద సన్నాయి నువ్వే పట్టు నాయనా. గట్టిమేళం నువ్వే ఎత్తు. ఎక్కడ కూర్చోవాలో కూడా నీ ఇష్టమే," అన్నారు.

గట్టిమేళం అంటే మీకు తెలియదు. తాళి కట్టే క్షణం రాగానే పురోహితుడు వేలు పైకెత్తుతాడు. అది చూసి సన్నాయీ డోలూ ఒక్కపెట్టున అందుకోవాలి. ఆ క్షణంలో ఎవరు తుమ్మినా, ఎవరు ఏడ్చినా ఎవరి చెవినా పడకూడదని అలా వాయిస్తారు. ముందే మోగితే నలుగురూ నవ్వుతారు. ఆలస్యమైతే ఆ ఇంటివాళ్ళు జన్మలో మరిచిపోరు. మొదటిసారి ఎత్తినప్పుడే తప్పితే ఆ మనిషిని మళ్ళీ ఎవరూ పెద్ద సన్నాయి పట్టమనరు. మాలకొండయ్యకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదంటే వింత లేదు.

తెల్లవారి బయలుదేరారు. మాలకొండయ్య మోటారుసైకిలు నడుపుతున్నాడు. పెంచలయ్య గారు సన్నాయి సంచీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నారు. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకున్నారా అని నేను అడిగాను. పెట్టుకున్నారనే చెంచయ్య చెప్పాడు. అతను డోలుతో సహా వెనక ఆటోలో వస్తున్నాడు.

సన్నాయి పట్టినప్పుడు మాలకొండయ్య ఎంతో నెమ్మదస్తుడు. బండెక్కితే మాత్రం వేరే మనిషి. ఎర్రదీపం పక్కన అంకెలు తగ్గుతూ ఉంటే, అవి తన హారన్‌కు భయపడే తగ్గుతున్నాయన్నట్టు మోగించేవాడు. పెద్ద సర్కిల్ దగ్గర కుడివైపుకు పోవాలంటే చుట్టూ తిరిగి రావాలి. అతను ఆ చుట్టు మిగుల్చుకుందామని ఎదురుదారిలో దూరాడు. ఎదురుగా నీళ్ళ ట్యాంకరు వచ్చి ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టి, "నన్ను వెనక్కి పొమ్మంటావా అన్నా? కండలేరు డ్యామ్ దాకా పోతా, సరిపోద్దా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. మాలకొండయ్య కాళ్ళతో నేలను తన్నుకుంటూ బండిని వెనక్కి తీసుకున్నాడు. పెంచలయ్య గారు సంచీని ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నారు.

తరవాతి కూడలిలో ఎర్రదీపం పడి ఉంది. మాలకొండయ్య ఆగిన బండ్ల సందుల్లోంచి దూరి, తెల్లగీత దాటి, మనుషులు నడిచే చారలు కూడా దాటి, అందరికంటే ముందుకు పోయి నిలబడ్డాడు. అతనిలాంటి వాళ్ళు అక్కడ అప్పటికే ఓ వరస ఉన్నారు. అంతదూరం వచ్చాక చూసుకుంటే దీపం ఉన్న స్తంభం వెనకబడిపోయింది. రోడ్డుకు అవతలి వైపున్న దీపానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ అడ్డం.

"అయ్యా, పచ్చ పడిందా?" అని అడిగాడు మాలకొండయ్య.

"నాకెట్టా తెలుస్తుంది నాయనా? నేనూ నీతోపాటే వచ్చేశా కదా."

మాలకొండయ్య పక్క బండి మీదున్నతన్ని అడిగాడు. "నువ్వు కదిలితే పోదామని నేను నిన్నే చూస్తా ఉండా," అన్నాడు అతను.

ఇంతలో వెనకెక్కడో ఎవరో హారన్ కొట్టారు. పని ఉండి కాదు, అలవాటు కొద్దీ. పచ్చ పడిందనుకుని ముందు వరసంతా ఒక్కసారిగా ఉరికింది. పక్క రోడ్డులో ఇంకా పచ్చదీపమే ఉంది, అటునుంచి బస్సు వస్తోంది. బస్సు కీచుమంటూ ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ట్రాఫిక్ కానిస్టేబులమ్మ విజిల్ ఊదుకుంటూ వచ్చి వరసగా తాళాలు లాక్కుంది.

"పచ్చ పడిందని ఎవరు చెప్పారయ్యా నీకు?"

"వెనక హారన్ కొట్టారు మేడమ్."

"హారన్‌కు రంగు ఉంటుందా?"

మాలకొండయ్య పెళ్ళికి పోవాలని, ముహూర్తం దాటిపోతుందని బతిమాలాడు. "పెళ్ళికొడుకువి నువ్వు కాదు కదా, నిలబడు," అని ఆమె అందరినీ రోడ్డు వారకు నెట్టింది. ఈసారి నిజంగానే పచ్చ పడింది. గీత వెనక బుద్ధిగా ఆగి ఉన్న ఆటో హాయిగా కదిలింది. అందులోంచి చెంచయ్య తల బయటపెట్టి, "కొండయ్యా, నేను పోయి డోలు బిగిస్తా ఉంటా. సన్నాయికి ఎవరన్నా దొరుకుతారేమో కూడా చూస్తా," అని అరుచుకుంటూ పోయాడు.

చీవాట్లు పెట్టి, తాళాలు ఇచ్చి పంపేసరికి కొంచెం పొద్దెక్కింది. ఇద్దరూ చేరేసరికి పెళ్ళికూతురిని గంపలో తీసుకొస్తున్నారు. మండపం ముందు మఖమలు పరిచిన ఆసనం ఖాళీగా ఉంది. మాలకొండయ్య గురువు ముఖం చూశాడు. ఆయన సంచీ విప్పుకుంటున్నారు. మాలకొండయ్య పోయి ముందే కూర్చున్నాడు. పెంచలయ్య గారూ చిన్న సన్నాయి తీసుకుని పక్కనే కూర్చున్నారు. కెమెరా దీపం నేరుగా మాలకొండయ్య ముఖం మీద పడింది. కాసేపు అతనికి అంతా బ్రహ్మాండంగానే ఉంది.

తాళి వేళ దగ్గరపడింది. ఫోటోలవాళ్ళూ, సెల్‌ఫోన్లు ఎత్తిపట్టిన చుట్టాలూ మండపాన్ని కమ్మేశారు. పురోహితుడు వాళ్ళ వెనకెక్కడో ఉన్నాడు. జనం ముఖం చూసేలా వేసిన ఆసనం కాబట్టి మాలకొండయ్య వీపు మండపం వైపుంది. ఎప్పుడూ చాప వేసే ఆ వంటవాళ్ళ దారి దగ్గరైతే పురోహితుడి వేలు నేరుగా కనపడేది. పెళ్ళికూతురి పెదనాన్న చెయ్యి ఊపుతూ, "మేళం, మేళం, కానీయండయ్యా," అన్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు ఆ మాటే అందుకున్నారు. చెంచయ్య డోలు పుల్ల పైకెత్తాడు. మాలకొండయ్య సన్నాయి పెదాల దాకా తెచ్చి, ఆగిపోయాడు.

తరవాత లేచి, కెమెరాకు వీపు తిప్పి, ఆ మఖమలు ఆసనం మీదికే ఎక్కి నిలబడ్డాడు. తలల మీదుగా చూస్తే తాళి ఇంకా పళ్ళెంలోనే ఉంది. పెద్దలు ఒక్కొక్కరే తాకి దీవిస్తున్నారు.

"ఏందయ్యా, చెబితే వినపడలా?" అన్నాడు పెదనాన్న.

"అన్నా, ఇటు తిరుగు. నీ వీపే పడతా ఉంది," అన్నాడు వీడియో అతను.

మాలకొండయ్య కదల్లేదు. వేలు లేచింది. మేళం మోగింది. ఆ క్షణంలో పెళ్ళికొడుకు మేనమామ పందిరి అదిరేలా తుమ్మాడనీ, అది ఒక్కరికీ వినపడలేదనీ చెంచయ్య చెబుతాడు. ఎవరికీ వినపడని తుమ్ము అతనికెలా తెలిసిందో నేను అడగలేదు.

భోజనాలయ్యాక తిరుగుదారి పట్టారు. అదే కూడలి, మళ్ళీ ఎర్రదీపం. మాలకొండయ్య తెల్లగీతకు ఇవతలే బండి ఆపాడు. ముందు ఒక్క బండి కూడా లేదు. వెనక కారతను హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

"ముందంతా ఖాళీగా ఉంటే ఇక్కడ నిలబడ్డావేందయ్యా? జరుగు."

ఆ మాటకు మాలకొండయ్య బండి ఓ అంగుళం కదిలి ఆగింది. "అయ్యా, ఏం చేయమంటారు?" అన్నాడు తల తిప్పకుండానే.

పెంచలయ్య గారు నోట్లో తమలపాకును ఓ పక్కకు తోసుకున్నారు.

"ఆయన మనల్ని చూస్తా ఉండాడు నాయనా. మనం దీపాన్ని చూద్దాం."

పిల్లలూ, నాకు తెలిసిన కథ ఇంతే. రేపు మీరూ బండ్లు నడుపుతారు. మీ పక్కన కూర్చునేవాళ్ళలో పెంచలయ్య గారి పేరు విననివాళ్ళు ఉంటే వాళ్ళకు ఇది చెప్పండి. కాకపోతే బండి ఆపి, తాళం తీసిన తరవాతే చెప్పండి.