రెండు మూరల ఎత్తు

రండి, దగ్గరకు జరిగి కూచోండి. చిన్నవాళ్ళని ముందుకు రానివ్వండి, పొడుగువాళ్ళు వెనక సర్దుకోండి. ఈ కథ పొట్టివాళ్ళది.

అనగా అనగా, కనకవాగు ఒడ్డున ఒక రాజ్యం. దాన్ని ఏలేవాడు గుణవర్మ మహారాజు. ఆయనకు లేక లేక కలిగిన కొడుకు ఒక్కడే. వాడి పేరు బారెడు పొడుగు. పెంచిన దాది నూకాలు మాత్రం "చిట్టిదొరా" అని పిలిచేది.

నాలుగో ఏట చిట్టిదొరకు జ్వరం వచ్చి ఎడమకాలు చిక్కిపోయింది. రాజవైద్యుడు చూశాడు. "రోజూ సాయంత్రం వాగు ఒడ్డున నడిపించండి. దారి మెత్తగా, తేలిగ్గా ఉండాలి. ఏడాదిలో కాలు నిలదొక్కుకుంటుంది. ఈలోగా పడ్డాడా, ఆ కాలు ఇక నా చేతిలో లేదు" అన్నాడు.

రాజు మనసు మంచిదే. "నా బిడ్డకే కాదు, ఊళ్ళో ప్రతి బిడ్డా అమ్మానాన్నలతో నడిచేలా దారి వెయ్యండి" అని ఆజ్ఞ ఇచ్చాడు.

మూడు నెలల్లో దారి సిద్ధమైంది. నునుపు తేలిన నల్లరాళ్ళు, జానెడున్నర ఎత్తు మెట్లు, ఇరువైపులా మొగలిపొదలు. నూకాలు వెళ్ళి మోకాళ్ళ మీద కూచుని, చిట్టిదొర ఎత్తు నుంచి చూసింది. ఇది పసివాళ్ళు నడిచే దారి కాదనుకుంది.

రాజు దారిని చూసి రమ్మని పెద్దలను పంపాడు.

ముందు సేనాపతి ఏనుగెక్కి వచ్చాడు. "దారి తాడు లాగినట్టు తిన్నగా ఉంది" అన్నాడు.

"దొరా, ఒక్కసారి దిగి మోకాళ్ళ మీద కూచుని చూడండి" అంది నూకాలు.

"సేనాపతి మోకరిల్లితే శత్రువు నవ్వుతాడే ముసలీ."

తరవాత కోశాధికారి గుర్రమెక్కి వచ్చాడు. "రాళ్ళు అద్దాల్లా ఉన్నాయి" అన్నాడు. నూకాలు అదే మాట అడిగింది.

"నా మోకాళ్ళు నా మాట విని పదేళ్ళయింది తల్లీ."

చివరికి మంత్రి పల్లకిలో వచ్చాడు. మొగలి వాసనకు హాయిగా కునుకు తీశాడు. నూకాలు మూడోసారీ అడిగింది.

"వంగడానికే కదా నిన్ను పెట్టుకున్నాం" అన్నాడు మంత్రి, ఆవలిస్తూ.

ముగ్గురూ దారి భేషుగ్గా ఉందన్నారు. నూకాలు సభకే వెళ్ళి రాజుకు మొక్కింది. "మహారాజా, మీరైనా వచ్చి చూడండి."

"ముగ్గురు పెద్దలు చూసొచ్చారు కదా నూకాలూ. వాళ్ళకంటే పెద్దదానివా నువ్వు?"

"కాదు బాబూ. వాళ్ళకంటే పొట్టిదాన్ని."

సభంతా గొల్లున నవ్వింది. రాజూ నవ్వాడు. అందరూ నవ్వేసరికి ఏం చెయ్యాలో తోచక నూకాలు కూడా చిన్నగా నవ్వి, తలవంచుకుని వచ్చేసింది.

మంచి ముహూర్తం పెట్టారు. మేళాలు మోగుతున్నాయి. చిట్టిదొర నూకాలు వేలు పట్టుకుని దారి మొదట్లో నిలబడ్డాడు. మంత్రి నూకాలు చెవిలో "వేలు వదులు. యువరాజు తనంతట తాను నడిస్తేనే అందం" అన్నాడు.

"దాదీ, వదలకు" అన్నాడు చిట్టిదొర.

నలభై ఏళ్ళు కోట ఉప్పు తిన్న చెయ్యి అది. వదిలేసింది.

ఒక అడుగు పడింది. రెండో అడుగూ పడింది. మూడో అడుగుకు మొగలాకు ముల్లు కంటి దాకా వచ్చింది. బిడ్డ మొహం తిప్పుకున్నాడు. కాలు తడిరాతి మీద పడింది. మెట్టు మీద నుంచి జారి, ఆ ఎడమకాలి మీదే పడ్డాడు.

వైద్యుడు వచ్చి చూశాడు. తల అడ్డంగా ఊపి, మందుల సంచి మూసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రాజు ఒక్కడే ఆ దారికి వచ్చి మోకాళ్ళ మీద కూచున్నాడు. మెట్లు గోడల్లా కనిపించాయి. మొగలాకులు రంపాల్లా సరిగ్గా కళ్ళ ముందుకు వచ్చాయి. ఎండెక్కే దాకా అక్కడ నుంచి లేవలేదు.

రాళ్ళు పెళ్ళగించారు. నూకాలు చెప్పినట్టు కొత్త దారి వేశారు. మెత్తటి ఇసుక, అంచున గరిక, నాలుగు వేళ్ళ ఎత్తు మెట్లు, ఇరవై బుడిబుడి అడుగులకో కూచునే బండ. ఊరి పిల్లలంతా అమ్మానాన్నల వేళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు. కాసేపటికే వేళ్ళు వదిలేసి పరుగులు తీసేవాళ్ళు.

ఇంతకుముందు గుర్రం దిగని రాజు రోజూ కాలినడకన వచ్చేవాడు. కొడుకును భుజాన మోసుకుని తెచ్చి బండ మీద కూచోబెట్టేవాడు.

ఒక సాయంత్రం చిట్టిదొర ఆ పరుగులు చూస్తూ, "దాదీ, ఈ దారి ముందే ఎందుకు వెయ్యలేదు?" అని అడిగాడు.

నూకాలు వాడి ఎడమకాలిని ఒళ్ళోకి తీసుకుని నిమరసాగింది. రాజు వాగు వైపు తిరిగి నిలబడ్డాడు.

సరే, ఇక లేవండి. ఇళ్ళకు పోయి వేడి చల్లారకముందే అన్నాలు తినండి. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్నవాళ్ళు వేలు పట్టుకుని వాళ్ళ అడుగుకు అడుగు కలిపి నడవండి. ఈ మాట కూడా మీతో తీసుకుపోండి: ఎవరి కోసం దారి వేస్తున్నామో వాళ్ళ ఎత్తుకు వంగి ముందే చూడాలి, బిడ్డ పడ్డాక వంగిన నడుము ఆ బిడ్డను నడిపించలేదు.