దాగుడుమూతల మరబొమ్మ

అనగా అనగా, మరీ అంత అనగా కాదులే, మొన్నామధ్యనే, ఒక ఊరి బడికి మరబొమ్మ వచ్చింది. చక్రాల మీద నడుస్తుంది. ముందు ఒక బుల్లి ఇనపచెయ్యి. తలుపు చాటునున్నా మనిషి వేడిని పసిగడుతుంది. ఎలాగని అడక్కు బంగారం. ఫోన్లో టార్చిలైటు వెలిగితే ఆర్పడానికి మీ తాతని లేపేదాన్ని నేను.

దానికి సొంత బుద్ధి లేదు. పిల్లలు కంప్యూటర్లో ఏ వరసలో చెబితే ఆ వరసలోనే చేస్తుంది. రమణకుమారి టీచరు నేర్పేది కూడా అదే, పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి చెప్పడం.

హైమావతి అనే పిల్ల దానికి దాగుడుమూతలు నేర్పింది. చాటున ఎక్కడైనా వేడి తగిలితే అక్కడికి వెళ్ళు. మూడుసార్లు తట్టు. ఎవరైనా బయటికొస్తే ఇంకోచోట వెతుకు. రాకపోతే మళ్ళీ తట్టు. ఎక్కడా వేడి లేకపోతే ఆగిపో. అంతే.

ఒక మబ్బు పట్టిన సాయంత్రం పిల్లలు దాక్కున్నారు. బొమ్మ బయల్దేరింది. బీరువా దగ్గర టక్ టక్ టక్. ఒకడు నవ్వుకుంటూ వచ్చాడు. మెట్ల కింద టక్ టక్ టక్. ఇద్దరొచ్చారు. అలా అందరూ దొరికారు. ఆట అయిపోయిందనుకున్నారు.

బొమ్మ మాత్రం ఆగలేదు.

అప్పుడది వసారా చివరికి పోయింది. అక్కడ విరిగిన బల్లలు పడేసే పాత గది ఉంది. బయట గొళ్ళెం పెట్టి ఉంది. దాని ముందు నిలబడి, టక్ టక్ టక్.

"అందరం ఇక్కడే ఉన్నాంగా" అన్నాడు సింహాచలం అనే పిల్లాడు.

మళ్ళీ, టక్ టక్ టక్.

"ఆపెయ్యండి టీచర్. దీనికి కూడికలే రావు, బొమ్మకేం నేర్పుతుంది" అన్నాడు వాడే, హైమని చూపిస్తూ. మాట వెటకారమే గానీ రెండడుగులు వెనక్కి వేశాడు.

టీచరు బొమ్మని ఆపే మీట మీద వేలు పెట్టింది. హైమ తప్పు చెప్పి ఉంటే బొమ్మని ఆపేస్తే చాలు. తప్పు చెప్పకపోతే ఆ చీకటిగదిలో ఎవరో ఉన్నట్టు. హైమ ఒక్కో ముక్కనీ మనసులో మళ్ళీ నడిపి చూసుకుంది. ఎక్కడా తప్పు దొరకలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"ఆపకండి టీచర్" అంది.

బొమ్మ మూడోసారి తట్టింది. ఆ తర్వాత లోపల్నుంచి, గోటితో కొట్టినట్టు, సన్నగా... టక్. టక్. టక్.

టీచరు గొళ్ళెం తీసింది.

బల్లల వెనకాల పైడమ్మ. బళ్ళో కొత్తగా చేరిన పిల్ల. దాన్ని ఎవరూ ఆటకి పిలవలేదు. పిలవకపోయినా వెళ్ళి దాక్కుంది. గదులు మూసే ఆయా చూసుకోక గొళ్ళెం పెట్టేసింది. భయానికి పిల్లకి గొంతు పెగల్లేదు.

పైడమ్మ వాళ్ళలో ఎవరి వైపూ చూడలేదు. నేరుగా వచ్చి బొమ్మ ఇనపచెయ్యి పట్టుకుంది. "నేనూ దొరికాను" అంది.

అప్పుడు బొమ్మ ఆగింది.

పిల్లలు తలలు దించుకున్నారు. ఎవర్ని ఆడించాలో, ఎవర్ని వదిలెయ్యాలో వాళ్ళకి బాగా తెలుసు. బొమ్మకే ఆ సంగతి ఎవరూ నేర్పలేదు.

కథ కంచికి చేరింది,
అమ్మమ్మ గొంతు ఆరింది,
దుప్పటంతా నీ వైపే జారింది.