బురుజు నడుము దగ్గర ఆగిన మంచు

ఒకప్పుడు మంచుకు వేళాపాళా ఉండేది కాదు. తెల్లారి వచ్చేది, మిట్టమధ్యాహ్నం వచ్చేది, బుద్ధి పుడితే కొండనెక్కి కూర్చుని దిగనే దిగనని మొండికేసేది. దాన్ని అడిగేవాళ్ళెవరు? దానికి ఇల్లా, వాకిలా, ఎదురుచూసే మనిషా?

ఇది అరబ్బుల దేశంలో, అసీర్ కొండల మీది ముచ్చట. అరబ్బుల దేశమంటే అంతా ఇసుకే అనుకునేరు! ఆకాశాన్నంటే కొండలున్నాయక్కడ. కొండకో రాతి బురుజు ఉండేది. మనం బురుజు అంటాం, వాళ్ళు బుర్జ్ అంటారు. పని మాత్రం ఒకటే, ఎత్తునుంచి అందరినీ కనిపెట్టుకుని ఉండడం. పైన చుట్టూ తెల్లటి పలుగురాళ్ళ పట్టీ, పెళ్ళికూతురి నుదుట బాసికంలా.

అలాంటి ఒక బురుజుకు మస్తూరా కాపలా. మొగుడు పోయాక ఆ పని తనే అందుకుంది. ఆమెకు ఒక్కగానొక్క కూతురు అఫ్రా. కింద ఎండిన వాగులో గొర్రెలు మేపేది.

పగలంతా తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేది పొగతోనే. బురుజు మీద ఒక పొగ లేచిందా, "చుట్టాలొచ్చారే, మంచి గొర్రెపిల్లను చూసి, శుభ్రంగా కడిగి తీసుకురా" అని. రెండు పొగలు లేచాయా, "వరదొస్తోంది, ఉన్నదున్నట్టు వదిలేసి పైకి పరుగెత్తు" అని.

ఒకరోజు దూరపు కొండల మీద నల్లగా వాన పట్టింది. వాగు దగ్గర చూస్తే చినుకు లేదు. అఫ్రా పాటలు పాడుకుంటోంది. పైనున్న మస్తూరా ఆ నలుపు చూసి గబగబా రెండు పొయ్యిల్లో పచ్చి కొమ్మలు వేసింది. రెండు పొగలు లేచాయి.

సరిగ్గా అప్పుడే మంచు అటుగా వచ్చింది. ఒక పొగను చూసి అక్కడే ఆగిపోయింది.

"ఓయమ్మా! నాలాగే తెల్లగా, మెత్తగా, కాళ్ళే లేకుండా! ఇది నా బిడ్డే!" అంటూ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "నా తల్లే, నా బంగారమే, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావే?" అని ముద్దులే ముద్దులు.

ఇంకేముంది! కింద అఫ్రాకు ఒక్క పొగే కనబడింది. "అబ్బ, చుట్టాలు!" అని పొంగిపోయింది. తల్లికి చెయ్యి ఊపింది. బొద్దుగా ఉన్న గొర్రెపిల్లను పట్టుకుని, వాగులో మిగిలిన చిన్న మడుగులో కడగడం మొదలుపెట్టింది. చుట్టాల ముందు అమ్మ పరువు పోకూడదు కదా!

పైనుంచి అది చూసిన మస్తూరా మంచు మీద కేకలు వేసింది.

"ఓసి మంచూ, వదలవే! అది నీ బిడ్డ కాదు, పొగ!"

"వదలను గాక వదలను. నాకున్నది ఇదొక్కటే."

"నాకూ ఒక్కతేనే!" అంది మస్తూరా. "అదిగో, వాగులో ఉంది. అటు వరద వచ్చేస్తోంది. నువ్వు ఒళ్ళో దాచింది నా కేకనే తల్లీ. అది చేరకపోతే నా బిడ్డ నాకు దక్కదు."

మంచు కిందికి చూసింది. వెంటనే ఒడి విప్పేసింది. కానీ ఏం లాభం? ఆ ముద్దులకు రెండో పొయ్యి ఆరిపోయింది, పేర్చిన కొమ్మలన్నీ తడిసి ముద్దయ్యాయి. మస్తూరా ఎంత ఊదినా రాజుకోలేదు. ఆమె ఏడుస్తుంటే మంచు ఆమె చుట్టూనే తిరిగింది.

అప్పుడు బురుజు నోరు విప్పి మంచుతో అంది. "నేను రాయిని. కదలగలిగితే ఈపాటికి దిగిపోయేదాన్ని. నీకు కాళ్ళు లేకపోతేనేం, నడక ఉందిగా? దిగు!"

మంచు జర్రున జారింది. వాగులోకి దిగి గొర్రెల వీపుల మీద చల్లటి చేతులు వేసింది. గొర్రెలకు మంచంటే ఒళ్ళుమంట. తడి తగిలిందా, ఇంటిదారి పట్టాల్సిందే! మే మే అంటూ మంద మొత్తం కొండెక్కడం మొదలుపెట్టింది.

"ఆగండే, దీన్ని కడగడం కాలేదే!" అని అరుస్తూ, తడి గొర్రెపిల్లను చంకనెత్తుకుని అఫ్రా వెంటపడింది. ఆమె వెనకే మంచు, వీపు మీద చెయ్యేసి తోస్తూ, "నడువమ్మా, నడు, నడు" అంటూ పైకెక్కింది.

వాళ్ళు కొండ మలుపు తిరిగారో లేదో, వరద బండరాళ్ళు దొర్లించుకుంటూ వచ్చిపడింది. ఆ మడుగు ఏమైందో కూడా తెలియలేదు.

అఫ్రా రొప్పుతూ బురుజు చేరింది. "అమ్మా, చుట్టాలేరీ?"

మస్తూరా కూతుర్ని గట్టిగా వాటేసుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తర్వాత గుమ్మం బయటికి చూపించింది. "అదిగోనే, సిగ్గుపడుతూ నిలబడింది. మన చుట్టం అదే. లోపలికి పిలు."

బురుజు నడుము దగ్గర మంచు తలవంచుకుని నిలబడి ఉంది. "ఇంతకంటే పైకి రాను. వస్తే నీ కేక మళ్ళీ చెరిపేస్తాను. ఆ పిల్లను మాత్రం అప్పుడప్పుడు చూసుకోనిస్తావా?"

"అప్పుడప్పుడేమిటే పిచ్చిదానా, రోజూ రా. మా గొర్రెలను తోలుకుని రా. నువ్వొచ్చే వేళకు ఏలకుల కాఫీ పెడతాను. ఆ పొయ్యి పొగ నీదే."

అప్పటినుంచే ఆ కొండల్లో మంచు, పొద్దు వాలే వేళకు ఇంటికి మళ్ళే మందల వెనకే లోయలోంచి పైకెక్కుతుంది. బురుజు నడుము దాకా వచ్చి ఆగుతుంది, తెల్లరాళ్ళ పట్టీని ముట్టుకోదు. పైనుంచి కాఫీ పొగ మెల్లగా దిగివస్తే ఒళ్ళోకి తీసుకుంటుంది. అప్పుడు చూస్తే ఏది తల్లో, ఏది పిల్లో ఎవరూ చెప్పలేరు. అందుకే కాబోలు, మనవాళ్ళు ఆ ఇద్దరినీ విడదీయడం ఇష్టం లేక, పొగమంచు అని ఒక్క పేరుతోనే పిలుస్తున్నారు.