నివురు పలచబడ్డ ఇల్లు

ఒక ఊళ్ళో ఎవరి ఇల్లు వాళ్ళదే. మొగుడికో ఇల్లు, పెళ్ళానికో ఇల్లు, అత్తకో ఇల్లు. మనిషి పుట్టిన రోజున ఇల్లు లేస్తుంది, ఇల్లు పోయిన రోజున మనిషి ఉండడు. అందుకని ఆ ఊళ్ళో ఎదురుపడ్డవాళ్ళు ఒంట్లో ఎలా ఉందని అడగరు, ఇల్లెలా ఉందని అడుగుతారు.

అక్కడ చాలా ఇళ్ళ పొయ్యిల్లో నివురు కింద ఒక నిప్పు నిద్రపోతూ ఉంటుంది. ఎప్పుడో ఎవరింటి నుంచో ఎగిరొచ్చిన రవ్వ అది. ఎవరింటిదని అడిగితే ఎవరూ చెప్పలేరు. పక్కపక్కన బతికేవాళ్ళకు ఆ లెక్కలెక్కడ తేలుతాయి! నివురు మందంగా ఉన్నంతకాలం అది లేవదు. ఆ నిప్పుతోనే పెళ్ళిళ్ళు చేసుకుని, మనవలను ఎత్తుకుని, ముసలివాళ్ళై వెళ్ళిపోయినవాళ్ళు ఎంతమందో. తమ పొయ్యిలో అది ఉందన్న సంగతే వాళ్ళకు తెలియదు.

ఊరి చివర దిబ్బ మీద కావలివాడు కూర్చుంటాడు. వేళ కాని వేళ ఏ ఇంట్లోనైనా పొగ లేస్తే డప్పు కొడతాడు. జనం కడవలతో పరిగెత్తుతారు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. మంచివాడు, కునుకు కూడా తీయడు.

బుట్టలల్లే ఆమె ఇల్లు, ఆమె అత్త ఇల్లు దగ్గర దగ్గరగా ఉండేవి. రెంటికీ మధ్య ఒకప్పుడు ఆమె మొగుడి ఇల్లు ఉండేది. అతను దూరపు పనులకు వెళ్ళి వస్తూ ఒక గాలిని వెంటబెట్టుకొచ్చాడు. కావాలని తెచ్చింది కాదు. ఆ గాలి కుండలు పగలగొట్టదు, తలుపులు బాదదు. రోజుకు చిటికెడు నివురు ఎత్తుకుపోతుంది, అంతే. పెళ్ళాం ఇంటితోనే గోడ పంచుకున్నాడు కనుక ఆమె ఇంట్లోకీ వచ్చింది. దాని పేరు ఊళ్ళో ఎవరూ పైకి అనరు. ఆ ఇంటి వైపు చెయ్యి ఊపి, గొంతు తగ్గించి, మాట మార్చేస్తారు.

ఒక మధ్యాహ్నం అతని ఇల్లు కాలిపోయింది. కావలివాడు దిబ్బ దిగి ఏడుస్తూ వచ్చాడు.

"కన్నార్పలేదమ్మా. ఒట్టు. పొగ రాలేదు."

అతను అబద్ధమాడలేదు. నిప్పు లేవబోతే నివురు దానితో పెనుగులాడుతుంది, ఆ పెనుగులాటకే పొగ లేస్తుంది. నివురంతా పోయిన పొయ్యిలో పెనుగులాడేదెవరు? నిప్పు చడీచప్పుడూ లేకుండా తన పని తాను చేసుకుపోతుంది. ఈ సంగతి అప్పటికి ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

అత్తకు ఒక్కడే కొడుకు. ఇప్పుడు ఆమెకు మిగిలింది కోడలు. కోడలికి మిగిలింది అత్త.

కొన్నాళ్ళకు, ఇల్లిల్లూ తిరిగి పొయ్యిలూ గోడలూ చూసిపోయే నీళ్ళావిడ వచ్చింది. అరిగిన చెప్పులు, చంకలో కడవ, గుమ్మంలోనే కూర్చునే చనువు. గోడకున్న కంత చూసి, "దీనికి తడిక అల్లుకో. రోజుకొక బద్ద, ఒకే వేళకి, ఒక్క రోజు కూడా తప్పకుండా. గాలి ఎక్కడికీ పోదు. లోపలికి మాత్రం రాదు," అంది.

"ఎన్నాళ్ళు అల్లాలి?"

"ఉన్నన్నాళ్ళూ."

ఆ రోజు బుట్టలామె కడుపారా ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే కత్తి తీసి వెదురు చీల్చింది. అల్లడం ఆమెకు కొత్త కాదు కదా. గాలి తడిక అవతల ఆగింది. పొయ్యిలో నివురు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, చేరడం మొదలైంది.

నీళ్ళావిడ మళ్ళీ వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగింది. "పొగ గానీ వస్తోందా? సాయంత్రమయ్యేసరికి ఇల్లు వేడెక్కుతోందా? గోడలు చెమరుస్తున్నాయా? కప్పు పలచబడుతోందా?" నాలుగింటికీ లేదనే జవాబు. పొయ్యి మీద చెయ్యి పెట్టి కూడా చూసింది. "అయితే నిప్పు ఇంకా నిద్రలోనే ఉంది. నీ నివురు పలచన. అది లేవకముందే ఆర్పేద్దాం. రోజూ పొద్దున పుడిసెడు నీళ్ళు పొయ్యిలో పోస్తూ ఉండు. ఆరు నెలలు."

వింటున్న అత్త చప్పున లేచి నిలబడింది.

ఆ ఊళ్ళో బతికున్న ఇంటి పొయ్యిలో ఎవరూ నీళ్ళు పొయ్యరు. ఇల్లు పోయిన రోజున, ఆఖరి పనిగా, పెద్దవాళ్ళెవరో పుడిసెడు నీళ్ళు పోసి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అదక్కడి ఆనవాయితీ.

"రాజుకోని పొయ్యికి నీళ్ళేవిటే? రోగం లేకుండా మందా? నీ ఇంటికి నువ్వే దినం పెట్టుకుంటావా?"

"ఆవిడ ఊరికే చెప్పదత్తా."

"నా ముందు పొయ్యకు. నేను చూళ్ళేను."

కోడలు అత్త చూడకుండానే పోసేది. పోసి, బుట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్ళేది. ఆమె మలుపు తిరగ్గానే అత్త మసిగుడ్డ పట్టుకుని వచ్చి, నీళ్ళు ఇంకకముందే పొయ్యిని శుభ్రంగా తుడిచేసేది. తుడిచి, పొయ్యికి దణ్ణం పెట్టి, పిల్లను చల్లగా చూడమని అడిగేది. ఇంత ప్రేమగా ఎవరైనా ఎవరి కొంపైనా ముంచారా అంటే, ముంచారు. మన ఇళ్ళల్లో ముంచేవాళ్ళు సగం మంది అలాంటివాళ్ళే.

మూడో నెలలో ఒక పొద్దున్న అత్త గుడ్డ పెట్టి తుడుస్తుంటే అరచెయ్యి చుర్రుమంది. గుడ్డ తీసి మళ్ళీ చెయ్యి పెట్టింది. ఈసారి బొబ్బ లేచింది. పొగ మాత్రం ఎక్కడా లేదు.

ఆ వయసులో ఆమె దిబ్బ ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

"డప్పు కొట్టరా! కోడలి ఇంట్లో నిప్పు లేచింది!"

కావలివాడు ఆ ఇంటి వైపు చూశాడు. "పొగ లేదు పెద్దమ్మా."

"మొన్న నా కొడుక్కి వచ్చిందా పొగ?"

అరచెయ్యి చాపి అతని మొహం ముందు పెట్టింది. అతను ఆ బొబ్బను చూశాడు, తేరిపార చూశాడు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, పొగ లేకుండా డప్పు కొట్టాడు.

జనం కడవలతో వచ్చారు. పొగ లేకపోయేసరికి కొందరు సణిగారు. ఎవరి ఇల్లో తెలిశాక కొందరు దడి దగ్గరే ఆగిపోయారు. నీళ్ళావిడ మాత్రం తిన్నగా లోపలికి నడిచి, వేడి బయటికి పోయేలా కిటికీ తలుపులు బార్లా తెరిచి, పొయ్యి ముందు కూర్చుంది. సంత నుంచి అప్పుడే వచ్చిన బుట్టలామె గుమ్మంలో నిలబడిపోయింది.

"లేచింది. కానీ వేళకే చూశాం," అంది నీళ్ళావిడ. "ఇంక పుడిసెడు చాలదు. రోజూ నాలుగు కడవలు, ఆరు నెలలు. మధ్యలో చల్లబడినట్టే ఉంటుంది, నమ్మి మానేశావా, మళ్ళీ లేస్తుంది. పెద్దమ్మా, ఇక్కడి రవ్వ నీ ఇంటికీ ఎగిరి ఉండొచ్చు, రేపు నీ పొయ్యి కూడా చూడాలి."

అందరూ వెళ్ళాక కోడలు తడిక దగ్గర కూర్చుని ఆ రోజు బద్ద అల్లుతోంది.

"నువ్వు పోసిన నీళ్ళు రోజూ తుడిచింది నేనే," అంది అత్త.

కోడలి చేతులు ఆగాయి. "ఎందుకత్తా?"

"ఆ రోజు వాడి పొయ్యిలో నీళ్ళు పోసిందీ ఈ చేత్తోనే. ఇంకో పొయ్యి తడిగా కనబడితే తట్టుకోలేకపోయానమ్మా."

కోడలు బద్ద పక్కన పెట్టింది. "నాకు నీ మీద చాలా కోపంగా ఉంది," అంది.

"ఉండదూ మరి."

"చెయ్యిలా తే."

అత్త చాపింది. కోడలు ఆ బొబ్బ మీద వెన్న రాస్తూ ఏడ్చింది, అత్తా ఏడ్చింది. ఎవరి కన్నీళ్ళు ఎవరు తుడిచారో చెప్పడం కష్టం.

మర్నాటి నుంచి కడవలు మోసింది అత్తే. మొదటి కడవ వంచినప్పుడు పొయ్యి బుస్సుమంది, అయినా ఆమె కడవ దించలేదు. రెండు నెలలకు వేడి తగ్గింది. ఇంక చాల్లే అత్తా, నీకు ఒళ్ళు నొప్పులని కోడలు అంటే ఆమె వినలేదు. కావలివాడు కూడా మారాడు. వారానికోసారి దిబ్బ దిగి, గాలి దూరిన ఇళ్ళన్నీ తిరిగి పొయ్యిల మీద చెయ్యి పెట్టి వస్తున్నాడు. దిబ్బ మీద కూర్చునే మనిషికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయని కూడా చెప్పుకుంటున్నారు.

గడువు పూర్తయిన రోజున నీళ్ళావిడ వచ్చి పొయ్యి అడుగు దాకా చెయ్యి పెట్టి కెలికింది. చల్లగా ఉంది. నిప్పు లేదు, ఆరిపోయింది.

ఆమె వెళ్ళాక అత్త తడిక దగ్గరికి జరిగి కూర్చుంది. అవతల గాలి ఎప్పటిలాగే గీరుతోంది. కోడలు ఆ పూట బద్ద అందుకోబోతుంటే, అత్త ముందుగా తానే తీసి ఆమె చేతికిచ్చింది. తర్వాత తడిక వైపు తిరిగి, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినంత మామూలుగా అంది:

"నువ్వు పోవని మాకు తెలుసులే. కూర్చో. మేమూ ఎక్కడికీ పోవడం లేదు."